అరిగిపోయిన బటన్

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కొల్లేటి మీద కారుమబ్బులు కమ్మి పట్టపగలే చీకటి పడింది. తాటితొర్రలో గుడ్లగూబ వికృతంగా కూసింది. ఎక్కడో పిడుగు!

గణపవరం దాటాక, చేపలచెరువు గట్టు మీది రేకుల షెడ్డులో మాంత్రికుడు పాండురంగారావు కపాలానికి కుంకుమ పూశాడు. దాని చుట్టూ నలభై పాత బటన్ ఫోన్లు! మోపెడ్‌కి ప్లాస్టిక్ టబ్బులు కట్టుకుని, తన ఫోను నంబరు రాసిన బోర్డు తగిలించుకుని, పాత ఫోనుకి టబ్బు ఇస్తానంటూ ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా వీధివీధీ తిరిగి పోగుచేసినవి. జనానికి అవి చెత్త. అతనికి నిధి! పోయినవాళ్ల వేలిచెమట ఆ బటన్లలో ఇంకి ఉంటుంది. సిమ్ లేకపోయినా అతను మంత్రించి నొక్కితే చాలు... ఆ ప్రేతం అవతలి మనిషిని ఆవహిస్తుంది!

ఎదురుగా మోకాళ్ల మీద ఇందుజ. తల్లి రత్నమాణిక్యం పోయిన పన్నెండో రోజున ఇల్లు కడుగుతూ, ఆమె ఫోను ఇతనికిచ్చి టబ్బు తీసుకుంది. ఆ మర్నాటి నుంచి నరకం! రోజూ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి ఇందుజ ఫోను మోగుతుంది. ఎత్తకపోయినా తల్లి గొంతు ఆమె నోటినుంచే వస్తుంది.

"అన్నం తిన్నావా అమ్మడూ? తిను..."

ఇందుజ చేతులే చెరువు బురదను ముద్దలు చేసి ఆమె నోట్లో కుక్కుతాయి. నత్తగుల్లలు కోసుకుని నాలుక చీలిపోయింది.

బతికున్నన్నాళ్లూ తల్లి రోజూ అడిగిన మాటే అది. రత్నమాణిక్యానికి చదువు రాదు. రెండు అంకె బటన్‌లో ఇందుజే తన నంబరు పెట్టి ఇచ్చింది; అది నొక్కి పట్టుకుంటే కూతురు పలుకుతుందని మాత్రం తెలుసు. ఫోను మొత్తంలో ఆ ఒక్క బటనే అరిగి నున్నబడింది. ఆ పిలుపునే మాంత్రికుడు ఉరితాడుగా పేనాడు. వదలాలంటే ఇందుజ వాళ్ల చేపలచెరువు తనకి రాసివ్వమన్నాడు.

"కాయితం తెచ్చావా?"

"తెచ్చానండీ... అమ్మ ఫోను ఒక్కసారి చేతికివ్వండి. దణ్ణం పెడతాను."

అతను పగలబడి నవ్వాడు. "బజార్లో వంద రూపాయలు రాని డబ్బా! రెండెకరాల చెరువు తెచ్చిపెట్టింది చూశావా? ఇదిగో, పట్టుకుని ఏడువు."

ఇందుజ ఫోనుని గుండెలకు హత్తుకుని, తల వంచి ఏడ్చింది. విరబోసిన జుట్టు చాటున ఆమె బొటనవేలు గబగబా కదిలింది.

"ఇక చాల్లే!" ఫోను లాక్కున్నాడు. "కాయితం ఇస్తే వదిలేస్తాననుకున్నావా, పిచ్చి మొహమా? మీ అమ్మ చేతే ఆఖరి ముద్ద తినిపిస్తా!"

హ్రీం... హ్రూం... కపాలం కళ్లలో నిప్పులు రేగాయి! అతను అరిగిన రెండుని నొక్కి పట్టుకున్నాడు.

మోగింది... అతని జేబులో!

ఆ బటన్‌లో ఇప్పుడున్నది ఇందుజ నంబరు కాదు, మోపెడ్ బోర్డు మీది అతని నంబరు! అతని మొహం పాలిపోయింది.

"వద్దు! వెనక్కి పో! నా ఆజ్ఞ..."

అరుపు సగంలో తెగింది. అతని గొంతులోంచి ఓ ఆడగొంతు మెత్తగా పలికింది.

"అన్నం తిన్నావా?"

అతని చెయ్యే ఒక ఫోను అందుకుని అతని నోట్లో కుక్కింది. పళ్లు విరిగాయి. "ఇంకో ముద్ద..." దవడ పగిలింది. "ఇదొక్కటీ... మా తల్లి కదూ..." మూడోది గొంతుకి అడ్డం పడింది. కపాలం ఫెళ్ళున రెండు చెక్కలైంది. కాళ్లు తన్నుకోవడం ఆగేదాకా ఆ చెయ్యి తినిపిస్తూనే ఉంది!

ఇందుజ తల్లి ఫోను తీసుకుంది. మళ్లీ తన నంబరు పెట్టుకుంటే అమ్మ వస్తుంది... బురద ముద్దతో.

"తిన్నానమ్మా," అంది చీలిన నాలుకతో. "నువ్వు పడుకో."

బ్యాటరీ ఊడదీసింది.