ఫైర్‌ప్లేసులో అరలు

రండమ్మా, రండి! గుమ్మంలో నిలబడితే కథ లోపలికి రాదు. ఆ మిక్సీ కట్టెయ్యండి, ఫోన్లు బోర్లా పెట్టండి, పక్కింటి కోడలి సంగతి రేపు చెప్పుకుందురుగాని. మీరు నోళ్లు మూస్తే నేను తెరుస్తాను. నేను కొంచెం పెంచి చెబుతానని మీకు తెలిసిందే. కానీ ఏడుపు దగ్గర మాత్రం ఒక్క చుక్క కూడా కలపను...

మెల్‌బోర్న్ చివర క్రాన్‌బర్న్‌లో ఒక పాత ఇటుకల ఇల్లు. అక్కడ జూన్ అంటే చలికాలం. ఆ ఇంట్లో గ్లాసులో పోసిన టీ నోటిదాకా వచ్చేసరికి కుల్ఫీ అయ్యేది! అందులో అద్దెకుండేది పాలకొల్లు నుంచి వెళ్లిన ఏసుమణి, ఆమె భర్త ఆనందబాబు. అతను గోడౌన్‌లో పెట్టెలు మోస్తూ ఆమెను నర్సింగ్ చదివిస్తున్నాడు. ఆఖరి పరీక్ష ఇంకా పది రోజులుంది. అది తప్పితే వీసా గడువులోగా చదువు పూర్తికాదు. మూడేళ్ల కష్టం సగంలో వదిలేసి ఇంటికి పోవాల్సిందే.

ఆ శుక్రవారం యూనివర్సిటీ నుంచి వచ్చిన ఏసుమణి హాల్లో అడుగుపెట్టి కొయ్యబారిపోయింది. టీవీ నేలమీద ఉంది. కంప్యూటర్ సోఫామీద ఉంది. వైర్లన్నీ ఎవరో పాముల పుట్ట తవ్వినట్టు గదంతా పడున్నాయి. ఆనందబాబు నడుందాకా ఫైర్‌ప్లేసులో దూరి ఉన్నాడు. మంట వెయ్యొద్దని ఓనరు చెప్పడంతో ఆ గోడపొయ్యి ఏళ్లుగా ఖాళీగానే ఉంది. అందులో అరలు పెడతాడట! గోడకు మేకు కొట్టకుండా చెక్క చట్రం చేసి, ఇనప పట్టాలు బిగించి, సొరుగులా లాగితే కంప్యూటర్, మోడెమ్, డీవీడీ ప్లేయర్ అన్నీ ముందుకొచ్చేలా చేస్తాడట! అది పూర్తయ్యేదాకా ఇంట్లో నెట్ ఉండదని చెప్పాడు, ముఖం మీది మసి తుడుచుకుంటూ, ఆమె కళ్లలోకి చూడకుండా.

ఏసుమణి గుండె భగ్గుమంది. ఆయాసంతో ఆసుపత్రిలో ఉన్న తల్లి సుగుణమ్మను రోజూ ఆ కంప్యూటర్‌లోనే చూసుకుంటోంది మరి! అదే అడిగితే, అత్తయ్యగారు బాగున్నారని, ఆవిడ ఫోను పాడైందని, తమ్ముడు శామ్‌తో తాను మాట్లాడానని ఏవేవో చెప్పాడు. కన్నతల్లి ముఖం కంటే ఈయనకు చెక్కముక్కలు ఎక్కువైపోయాయా! అనుకుంటూ ఆమె పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పుస్తకం తెరిచింది. అక్షరాలు కళ్లనీళ్లలో ఈదుతున్నాయి...

ఆ పడగ్గదిలోనూ ఒక చిన్న ఫైర్‌ప్లేసు ఉంది. హాల్లోదీ ఇదీ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. రెండింటికీ పొగగొట్టం ఒకటే. ఈ సంగతి ఆనందబాబుకు తట్టలేదు. ఇంటి మధ్యలో మాట్లాడితే భార్యకు వినిపిస్తుందని, ఆ పిచ్చివాడు ఫోను పట్టుకుని పొయ్యిలోకి దూరి, తల పైకెత్తి గుసగుసలాడాడు. ప్రతి మాటా అవతలి పొయ్యిలోంచి ఆమె ఒళ్లో పడింది!

"అక్క కోసం ఆపొద్దు శామూ. ఐస్ పెట్టెలోంచి తీసేసి, అనుకున్నట్టే సాయంత్రం అయిదింటికి సమాధి చేసెయ్యండి. మణి పరీక్ష రాసేదాకా తెలియనివ్వకు బాబూ అని అత్తయ్యగారు నా దగ్గర మాట తీసుకున్నార్రా... ఆ పాపం నా నెత్తినే ఉండనియ్."

ఏసుమణి గోడ గడియారం చూసింది. రాత్రి ఏడు. అంటే పాలకొల్లులో మధ్యాహ్నం రెండున్నర. ఇంకా రెండున్నర గంటలుంది! ఒక్క కేక వేస్తే చాలు, ఆయన పరుగెత్తుకొస్తాడు. వైరు తగిలిస్తే అమ్మ ముఖం కనబడుతుంది. కానీ ఆ ముఖం చూశాక పుస్తకం చూడగలదా? పరీక్ష తప్పితే, అమ్మ ఆఖరి ఊపిరితో అడిగింది పోయినట్టే కదా... ఆమె దిండు అందుకుని నోట్లో కుక్కుకుంది. పాలకొల్లులో అయిదయ్యేదాకా అలాగే కూర్చుంది. ఆ తర్వాత ముఖం కడుక్కొచ్చి, ఆపిన పేజీ నుంచే చదవడం మొదలుపెట్టింది!

మూడంటే మూడు అరలకు ఆనందబాబుకు తొమ్మిది రోజులు పట్టింది. బైబిల్లో నోవహు తన ఓడకు కూడా అన్నిసార్లు కొలతలు తీసి ఉండడు! సాయంత్రం బిగించిన స్క్రూలను పొద్దున్నే ఊడదీసేవాడు. పని పూర్తయితే నెట్ తగిలించాలి కదా! ఏసుమణికి అదంతా తెలుసు. అయినా అమ్మ ఎలా ఉందని రోజూ అడిగేది. అడగకపోతే ఆయనకు అనుమానం వస్తుందని భయం. అన్నం తిన్నారట అని ఆయన చెప్పేవాడు. అది వినడం కోసం గుండె రాయి చేసుకునేది... ఒక రోజు ఉండబట్టలేక కొలిచే టేపు రెండో కొస పట్టుకుంది.

"వెనకాల కాస్త జాగా వదలండి. వైర్లకి ఊపిరాడాలి కదా."

"నువ్వెళ్లి చదువుకో మణీ," అన్నాడతను. టేపు మాత్రం వదల్లేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆనందబాబు చర్చికి వెళ్లేవాడిలా తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. పరీక్ష ఎలా రాశావని అడిగాడు. బాగా రాశానంది. ఆ తర్వాత ఆమె చేతిలోని సంచి అందుకోబోయాడు. ఏసుమణి సంచి కింద పెట్టి, నేరుగా ఫైర్‌ప్లేసు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చట్రం లాగింది. అది పట్టాల మీద మెత్తగా జారి బయటికొచ్చింది.

"శామ్ వీడియో పంపాడాండీ?"

ఆనందబాబు నేలమీద కూలబడిపోయాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"మీరు ఇందులో దూరి మాట్లాడిన రోజే. పొగగొట్టం రెండు గదులకీ ఒకటేనండి."

"మరి నన్ను ఒక్క మాట తిట్టొచ్చు కదా..."

"తిడితే ఏడుపొచ్చేది. ఏడిస్తే అమ్మ మాట పోయేది," అంది. "మీ మీద కోపం పోలేదండి. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు. ఇంకెప్పుడూ నా ఏడుపు నా దగ్గర దాచకండి."

అతను తల ఊపి వీడియో పెట్టాడు. తెల్ల గుడ్డ కప్పిన పెట్టెలో సుగుణమ్మ ముఖం చిన్నపిల్లలా ఉంది. శామ్ వంగి, ఆవిడ చెవి దగ్గర, అక్క చదువుకుంటోందమ్మా అని చెబుతున్నాడు... పది రోజులు దిండులో దాచుకున్న ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు పట్టుకుని ఆ సొరుగు ముందు ఇల్లెగిరిపోయేలా ఏడ్చారు!

సరిగ్గా అప్పుడే, అరల పనికి తానిచ్చిన డ్రిల్లు వెనక్కి తీసుకుపోదామని పక్కవీధి నాగభూషణం వచ్చాడు. ఏడుస్తున్న ఇద్దరినీ చూశాడు, బయటికి లాగి ఉన్న చట్రాన్ని చూశాడు, ఒంగి ఒంటికన్నుతో దాని అంచు పరీక్షించాడు.

"ఊరుకోమ్మా, కింద అర కాస్త వంకరపోయింది, అంతే కదా. ఓ అట్టముక్క దోపితే సరిపోద్ది. దీనికోసం ఇద్దరూ కూర్చుని ఏడవాలా?"