మూడు శుక్రవారాల ఫ్లెక్సీ

"గీ నిమ్మకాయ ఏంది?"

సీపీయూ ముందు మోకాళ్ల మీద కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది.

"మా అవ్వ కట్టింది," అని తల్లి మీదికి నెట్టాడు గోపాల్. "విండోస్ అప్‌గ్రేడ్ చేసినంక కంప్యూటర్ లేస్తలేదు అంటే, దిష్టి తగిలిందన్నది."

"మరి గీ మిరపకాయలు?"

"అవి గూడ అవ్వే."

"దీని రసం లోపలికి కారితే విండోస్ కాదు, మదర్‌బోర్డే పోతది. ఆమె కట్టుడు, మీరు చూసుకుంట నిలబడుడు! మంచిగున్నది."

గోపాల్‌కు ఒళ్లు మండింది. మంచిర్యాల బస్టాండు వెనుక సందులో ఐదేళ్లుగా ఫ్లెక్సీ షాపు నడుపుతున్న మనిషి. ఎంతోమంది నాయకుల ముఖాల మీది మొటిమలు తుడిచిన చేయి. రిపేరుకు వచ్చిన పిల్ల ఇంత మాట అంటుందా?

"నేనేం గెలకలే. నెల సంది స్క్రీన్ మూలకు ఒక డబ్బా వచ్చి 'అప్‌గ్రేడ్ చేయి, అప్‌గ్రేడ్ చేయి' అని సతాయిస్తుంటే సరే అని నొక్కిన. అది కాలే. దోస్తు పెన్‌డ్రైవ్ ఇస్తే దాంతోని చేసిన. గంతే."

"ఆ పెన్‌డ్రైవ్ ఏది?"

గోపాల్ సమాధానం వెతుక్కునేలోపే ఆమె సీపీయూ వెనక్కి చేయి పోనిచ్చి పెన్‌డ్రైవ్‌ను లాగి అతని ముఖం ముందు పట్టుకుంది.

"కంప్యూటర్ లేవగానే విండోస్ ఎక్కడున్నదో వెతుక్కుంటది. మొదలు ఎక్కడ వెతకాలె, తర్వాత ఎక్కడ అని లోపల ఒక వరుస ఉంటది. అప్‌గ్రేడ్‌ల ఆ వరుస మారింది. ఇప్పుడు మీ కంప్యూటర్ పొద్దుగాల లేసి, సొంతిల్లు మర్చిపోయి, పక్కింటికి పోయి చాయ్ అడుగుతున్నది. వాళ్లు ఇస్తలేరు. గదీ కథ."

నాలుగు మీటలు నొక్కి, వరుస సరిచేసి, మళ్లీ ఆన్ చేసింది. నల్లటి తెర నీలంగా మారింది. ఆ వెలుగు ఆమె ముఖం మీద పడింది. కొత్త విండోస్ ఎలా ఉందో గోపాల్ చూడలేదు.

"చూడున్రి," అంది ఆమె.

"చూస్తున్న," అన్నాడు గోపాల్.

"నన్ను గాదు. స్క్రీన్ చూడున్రి."

ఆమె నవ్వు ఆపుకుంటూ స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. పేరు అడగలేదని గోపాల్‌కు అరగంట తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు రాయమల్లు వచ్చాడు. పద్నాలుగేళ్లు దుబాయిలో కరెంటు పని చేసి, కిందటేడు తిరిగొచ్చిన మనిషి. వచ్చిన రోజున ఊళ్లో పెట్టిన స్వాగతం ఫ్లెక్సీ గోపాల్ చేసిందే. రాయమల్లు తలను ఎవరిదో నల్లకోటు మీద అతికిస్తే, ఊరంతా ఆ కోటు ఎక్కడ కుట్టించాడని అడిగింది. అప్పటి నుంచి గోపాల్ అంటే ఆయనకు మహా గురి.

"పన్నెండు అడుగులది కావాలె గోపాల్. శుక్రవారం మా బిడ్డకు పెండ్లిచూపులు. పిల్లగాడు హరీష్ అని, కరీంనగర్ల ట్రాక్టర్ల షోరూం. గేటు మీద 'వరుని బృందానికి హృదయపూర్వక స్వాగతం' అని పెట్టాలె. నా కోటు ఫొటో నీ దగ్గరనే ఉన్నది గదా? ఒకదిక్కు నేను, ఒకదిక్కు బిడ్డ."

"అట్లనే కాకా," అంటూ గోపాల్ ఆయన ఫోన్ అందుకుని బిడ్డ ఫొటో చూశాడు. తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది.

"ఏమాయెరా?"

"ఏం లే మామా. పొలమారింది."

రాయమల్లు కళ్లు చిన్నవి చేశాడు. "ఇప్పటిదాక కాకా అంటివి. గీ మామ ఎక్కడికెళ్లి వచ్చిండు?"

"నోరు జారింది... కా... మామా."

నిన్న కంప్యూటర్ బాగుచేసిన ఆమె పేరు తిరుమల. రాయమల్లు బిడ్డ. ఈ రెండు సంగతులూ తెలిసిన సాయంత్రం గోపాల్ చాలాసేపు ఆ ఫొటో ముందు కూర్చున్నాడు. ఆ ముఖానికి ఏ మెరుగూ దిద్దే పని లేదు. ఆమె పక్కన ట్రాక్టర్ల హరీష్‌కు స్వాగతం రాయడానికి మాత్రం వేళ్లు ఆడలేదు. కంప్యూటర్ ఆపేశాడు. సీపీయూ మూత తీశాడు. కళ్లు మూసుకుని చేతికందిన ఎర్ర వైరు ఒకటి పీకేశాడు. మూత పెట్టాడు. ఆన్ చేసి చూసే ధైర్యం కూడా లేక రాయమల్లుకు ఫోన్ చేశాడు.

"మామా, మల్ల లేస్తలేదు."

"గంతేనా? ఫికర్ చేయకు. నా బిడ్డకు మించిన కంప్యూటర్ డాక్టర్ ఉన్నదా? పంపుత."

తిరుమల వచ్చింది. మూత తీసి లోపల ఒక నిమిషం చూసింది. తర్వాత గోపాల్‌ను ఎగాదిగా చూసింది.

"చాయ్ తెస్తరా?"

అతను చాయ్ తెచ్చేసరికి తెర నల్లగా ఉంది, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. తిరుమల తండ్రితో ఫోన్‌లో మాట్లాడుతోంది. "కష్టమే బాపు. శుక్రవారానికి కాదు."

ఫ్లెక్సీ లేకుండా పెళ్లిచూపులేమిటని రాయమల్లు కరీంనగర్‌కు ఫోన్ చేసి, వచ్చే శుక్రవారానికి మార్పించాడు.

ఆ కంప్యూటర్ తీరు ఆ తర్వాత ఎవరికీ అంతుచిక్కలేదు. తిరుమల పక్కనుంటే లేచేది. ఆమె వెళ్లగానే మొరాయించేది. అందుకని రోజూ మధ్యాహ్నం ఆమె వచ్చి కూర్చునేది, గోపాల్ పనులు చేసుకునేవాడు. చిత్రంగా, అందరి ఫ్లెక్సీలూ ముద్రణకు వెళ్లాయి. మల్లన్న అనే రైతు తన కోడెకు మూడో పుట్టినరోజు అని చేయించిన ఫ్లెక్సీ కూడా అయింది. దానికి కిరీటం కూడా పెట్టారు. రాయమల్లు వంతు వచ్చేసరికి తెర చీకటైపోయేది.

"కోడెకు కిరీటం పెట్టెటందుకు సరిగ్గ కూసున్నరు," అనేది తిరుమల. "మా బాపు కోటు గుండీలు పెట్టెటప్పుడే మీ చేతులు వణుకుతయా?"

"కోడెతోని నాకేం బాధ లేదు."

"మా బాపుతోని ఉన్నదా?"

గోపాల్ వంగి కోడె కొమ్ములకు రంగు వేసేవాడు. బయట వాన పడుతుంటే ఆమె వెళ్లకుండా ఆగేది. వాన ఆగాక కూడా ఇంకా పడుతోందేమోనని ఇద్దరూ కాసేపు చూసేవాళ్లు.

రెండో శుక్రవారం పోయింది. మూడోదీ పోయింది. రాయమల్లు షాపు ముందు నిలబడి మల్లన్న కోడెను తలచుకుని కుమిలిపోయాడు. "ఎద్దుకు ఫ్లెక్సీ వచ్చింది. నా బిడ్డకు రాదా?"

వేరే షాపుకు వెళ్లమని ఎవరో అంటే ఆయన ఒప్పుకోలేదు. కోటు ఈ కంప్యూటర్లోనే ఉంది.

మరుసటి సోమవారం మధ్యాహ్నం గోపాల్ ఇక తట్టుకోలేకపోయాడు. తిరుమల కుర్చీ లాక్కుని కూర్చోగానే, ఆమె ముందు నిలబడి గబగబా చెప్పేశాడు.

"నేను తప్పు చేసిన. కంప్యూటర్‌ను నేనే ఖరాబు చేసిన. మీ పెండ్లిచూపుల ఫ్లెక్సీ నా చేతులతోని చేయబుద్ధి కాలే. ఎర్ర వైరు పీకిన. మీ బాపుకు అబద్ధం చెప్పిన. మీరంటే నాకు... ఆ నిమ్మకాయ నాటి సంది ఇష్టం. ఇగ తిట్టున్రి."

తిరుమల తిట్టలేదు. ముఖం చేతుల్లో దాచుకుని నవ్వసాగింది.

"ఏ వైరు?"

"ఎర్రది."

"అది సీడీ డ్రైవ్‌కు పోయే వైరు. మీ సీడీ డ్రైవ్ చచ్చిపోయి ఎన్నేండ్లయిందో. అది పీకినా, తెంపినా, కంప్యూటర్ నిమ్మళంగ లేస్తది."

గోపాల్ ఆలోచించాడు. "మరి మూడు వారాల సంది ఎందుకు లేస్తలేదు?"

తిరుమల నవ్వు ఆగింది. ఆమె వీధి వైపు చూసింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"ఆ రోజు మీరు చాయ్‌కు పోయినంక ఆన్ చేస్తే మంచిగనే లేసింది. ఆ వైరు వేలాడుతున్నది చూసి... సమజైంది. వెతికే వరుస నేనే మార్చిన. వచ్చినప్పుడు సక్కగ చేసుడు, బాపు ఫ్లెక్సీ తీయంగనే కాలితోని స్విచ్చి ఆపుడు, పోయేటప్పుడు మల్ల మార్చుడు."

"అంటే మీరు గూడ..."

"మూడు వారాలాయె. ఇంక మీరు మీరు అనకు గోపాల్."

"మంచిగున్నదిరా మీ ఇద్దరి యవ్వారం!"

గుమ్మంలో రాయమల్లు నిలబడి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. "ఇప్పుడే హరీష్ వాళ్లు ఫోన్ చేసిన్రు. 'మూడుసార్లు మమ్ముల రావద్దంటిరి, మాకు వేరే సంబంధం ఖాయమైంది' అన్నరు. ఇగ ఫ్లెక్సీ అక్కరలేదని చెప్తామని నేను వస్తే, ఈ డబ్బాను పండబెట్టింది నా బిడ్డనేనా? ఒక్క మాట నాతోని చెప్పరాదా తిరుమలా?"

తిరుమల లేచి నిలబడింది.

"నువ్వెప్పుడు అడిగినవ్ బాపు? ఫ్లెక్సీల ఏ ఫొటో పెట్టాలె అని అడిగినవ్. పేరు ఏ రంగుల రాయాలె అని అడిగినవ్. నీకీ సంబంధం ఇష్టమేనా అని ఒక్కసారన్న అడిగినవా?"

రాయమల్లు స్టూలు మీద కూలబడ్డాడు.

"పద్నాలుగేండ్లు నిన్ను ఫొటోలల్లనే చూసిన బిడ్డా. ప్రతి పండుగకు ఒక ఫొటో పంపేది మీ అవ్వ. గది చూసి నిన్ను చూసినట్టే అనుకుంటుంటి. ఇంటికొచ్చినంక గూడ... ఆ అలవాటు పోనట్టున్నది."

తిరుమల తండ్రి పక్కన నేల మీద కూర్చుని, ఆయన మోకాలి మీద చేయి వేసింది. రాయమల్లు ముక్కు తుడుచుకుని గోపాల్ వైపు తిరిగాడు.

"నీకేమన్న తెలివి ఉన్నదారా? వైరు పీకితే సరైన వైరు పీకాలె గదా! పద్నాలుగేండ్లు కరెంటు పని చేసినోని అల్లున్ని అయితనని చూస్తున్నవ్."

ఆ మాటలో ఏముందో అర్థం కావడానికి గోపాల్‌కు కొంచెం టైము పట్టింది. తిరుమలకు వెంటనే అర్థమైంది. ఆమె తల వంచుకుంది.

"ఇప్పుడు అడుగుతున్న బిడ్డా," అన్నాడు రాయమల్లు. "ఇతను ఇష్టమేనా?"

"ఇష్టమే బాపు."

"అయితే నడువున్రి. వాళ్ల అవ్వ దగ్గరికి పోదాం."

షాపుకు షట్టరు దించి ముగ్గురూ బయలుదేరారు. గోపాల్ తల్లి లస్మవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. రాయమల్లు గొంతు సవరించుకుని, తమ వంశం గురించీ, దుబాయి గురించీ, జరిగిన సంగతుల గురించీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. లస్మవ్వ ఓపిగ్గా కొంత విన్నది. చూపు మాత్రం తిరుమల మీదే ఉంది.

"నువ్వు జర ఆగు అన్నా," అని ఆయనను ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "పిల్ల ముఖం వాడిపోయింది. బిడ్డా, అన్నం తిన్నవా?"

తిరుమల లేదన్నట్టు తల ఊపింది.

"మరి వాకిట్ల నిలబడ్డవేంది? ఇంట్లకు రా."