కనుమ దిగేదాకా

"ఈ ట్రైలర్‌ను కొలరాడో కొండలు దాటించాలి. లోపల మంచం కింద కోడ్ యంత్రం ఉంది. విదేశీ ముఠా దాని కోసం కాచుకుని ఉంది," అన్నాడు చీఫ్ టక్కర్. "మనలోనే ఎవరో వాళ్లకు ఉప్పందిస్తున్నారు, హార్లన్."

"ఎవరు?"

"తెలిస్తే ఈపాటికి లోపలేసేవాణ్ణి. దిగుడులో నిన్ను ఆపడానికి బ్రేకులు చెడగొడితే, సీబీ రేడియోలో 'కాఫీ చల్లారింది' అను. మిగతాది మావాళ్లు చూసుకుంటారు."

మారువేషం పాతదే. ఊళ్లు తిరిగే జంట, డీజిల్ పికప్, దాని తొట్టిలోని కొక్కేనికి తగిలించిన ఏడు టన్నుల ఫిఫ్త్ వీల్ ట్రైలర్, చక్రాల మీది ఇల్లు. భార్య వేషంలో ఏజెంట్ మార్నీ. అందగత్తె, అయిదు భాషలు వచ్చినది. రెండు వేసవులుగా ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నారు. హార్లన్‌కు వేషం ఎప్పుడు నిజమైందో తెలియదు. ఈ పని ముగిశాక నిజంగానే పెళ్లాడదామని అడగబోతున్నాడు.

కనుమ పైకి చేరాక, ట్రైలర్ లాగేవాళ్లంతా చేసే పనే అతనూ చేశాడు. నడకవేగంతో బండి కదిలించి, ట్రైలర్ బ్రేకుల మీట ఒక్కటే నొక్కాడు. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ఉండాలి. ఉండలేదు. పొద్దున ట్రైలర్ బ్రేకుల వైరు పికప్‌కు తగిలించింది మార్నీయే.

బ్రేకులు పోయినవాడు దిగుడులో ఎక్కడికి తిప్పుతాడు? అలాంటి బండ్లను ఆపడానికి రోడ్డు పక్కన కంకర పోసి కట్టిన ర్యాంపులోకి. అక్కడ కాపు కాస్తే యంత్రం చేతికందినట్టే. వైరు దానంతటదే ఊడి ఉండొచ్చు కదా అని అతని మనసు వాదించింది.

"కాఫీ చల్లారింది," అన్నాడు సీబీలో.

"వేడిది పొయ్యనా?" నవ్వింది మార్నీ.

మొదటి గేరు వేశాడు. ఇంజన్ హోరెత్తింది. ట్రైలర్ వెనక నుంచి తోస్తోంది. పికప్ బ్రేకు తొక్కుతూ, వదులుతూ దిగాడు. ప్రతి మలుపు దగ్గరా ఆమె వైపు చూశాడు. ఇప్పుడైనా చెబితే అంతా కడుపులో పెట్టుకుందామని అతని ప్రాణం కొట్టుకుంది.

"నా మొహంలో ఏముంది? రోడ్డు చూడు," అందామె.

బ్రేకులు కాలుతున్న వాసన. ముందు ర్యాంపు. దాని పక్కన రోడ్డు పనివాళ్లలా నారింజ కోట్లు వేసుకున్న మనుషులిద్దరు, ఒక ఖాళీ పికప్.

"ర్యాంపులోకి తిప్పు, హార్లన్. ట్రైలర్ బ్రేకులు లేవు, ఆ మలుపు తిరగలేవు."

బ్రేకుల సంగతి అతను ఆమెకు చెప్పనేలేదు.

ర్యాంపు దాటేశాడు. మలుపులో ట్రైలర్ ఒక వైపు చక్రాలు గాలిలోకి లేచాయి. లోయ అంచు రెయిలింగును రాసుకుంటూ ఎలాగో నిలదొక్కుకుంది. అద్దంలో టక్కర్ మనుషులు నారింజ కోట్లవాళ్లను నేలకు అదుముతున్నారు.

దిగువన బండి ఆగింది.

"ఎప్పుడు తెలిసింది?" అంది మార్నీ.

"పైనే."

"తెలిసీ దిగావా? పిచ్చా నీకు?"

"చెబుతావనుకున్నా."

ఆమె ఏడ్చింది. అది కూడా నటనేమోనని అనుమానించాల్సి వచ్చినందుకు అతనికీ ఏడుపొచ్చింది.

ఆమెను తీసుకెళ్లాక టక్కర్ అడిగాడు. "రెండేళ్లు పక్కనుండి కనిపెట్టలేకపోయావా?"

"కనిపెట్టాల్సిందే, చీఫ్. ఒకరు సైగలు చేస్తూ ఇంకొకరు ట్రైలర్‌ను రివర్సులో నిలిపేటప్పుడు తిట్టుకోని మొగుడూ పెళ్లాలు ఏ క్యాంపులోనూ ఉండరు. తను నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు."