ఎవాల్డ్ నడుం పట్టీ

నాలుగు కాకుండానే చీకటి ముసిరింది. డెన్మార్క్‌లోని జట్లాండ్ తీరంలో డిసెంబరంటే అంతే. గుద్రున్ కాఫీ కాచి, అలవాటు చొప్పున మూడు కప్పులు బల్ల మీద పెట్టింది. ఒకటి ఎక్కువని ఆడపడుచు ఎబ్బా గమనించింది. మొగుడు ఎవాల్డ్ పోయి నెల కాలేదు, చేతులకేం తెలుస్తుంది?

చేపల పడవలో జారిపడి వెన్ను దెబ్బతిన్నప్పటి నుంచి ఎవాల్డ్‌కి కాళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. చివరికి డాక్టర్లు వెన్నులో సన్నటి తీగలు వేసి, నడుం దగ్గర చర్మం కింద బ్యాటరీ అమర్చారు. దాని కరెంటు నొప్పిని కప్పేసేది. రోజూ కాఫీ అయ్యాక గుద్రునే అతని నడుముకి చార్జర్ పట్టీ కట్టేది. బ్యాటరీ దొరికేదాకా అది బీప్ బీప్‌మంటుంది. దొరికితే పచ్చదీపం వెలిగి ఊరుకుంటుంది. “కొంచెం పెంచవే” అంటే రిమోట్‌తో కరెంటు పెంచేది. నొప్పి ముదిరిన రోజు ఆ పట్టీ చెమటకి నానిపోయేది, పాపం.

ఇవాళ కూడా పట్టీని అతని ఖాళీ కుర్చీకి చుట్టి మీట నొక్కింది.

బీప్... బీప్...

“మా అన్న నస పోయినా ఈ డబ్బా నస పోలేదు. ఆసుపత్రికి ఇచ్చెయ్ వదినా.”

“కాసేపు వెతుక్కోనీవే. ఆ చప్పుడుంటే తను ఇంట్లో ఉన్నట్టుంటుంది.”

“అన్నయ్యకిప్పుడు నొప్పి లేదు. అది తలుచుకో.”

“అదొక్కటే నన్ను బతికిస్తోంది,” అంది గుద్రున్.

చప్పుడు ఆగిపోయింది.

పచ్చదీపం వెలిగింది.

గదిలో తారు వాసన... ఎవాల్డ్ చొక్కాల వాసన.

“బ్యాటరీ... తీసేశారుగా?” కుర్చీ వైపే చూస్తూ అడిగింది ఎబ్బా.

“తీశారు. దహనంలో పేలుతుందని ముందే కోసి తీశారు. ఆసుపత్రి చెత్తబుట్టలో వేస్తుంటే చూశాను.”

కుర్చీ కిర్రుమంది. పళ్ళ బిగువున పీల్చిన ఊపిరి... తట్టుకోలేనప్పుడు ఎవాల్డ్ పీల్చే ఊపిరి.

గుద్రున్‌కి భయం వేయలేదు. గుండె చెరువైపోయింది. రిమోట్ అందుకుంది.

“ఎవాల్డ్... ఇంకా తగ్గలేదా నీకు?”

పెంచింది. ఇంకా పెంచింది. తెర మీది అంకె చిట్టచివరికి వెళ్ళి ఆగింది. ఊపిరి మాత్రం ఆగలేదు.

“ఇంతకంటే పెరగదు... నేనేం చెయ్యను... ఇంక పెరగదు...”

ఎబ్బా లేచి ప్లగ్గు పీకేసింది. దీపం ఆరింది. గది నిశ్శబ్దమైంది. గుద్రున్ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

చాలాసేపటికి ఎబ్బా ధైర్యం చేసి కుర్చీకున్న పట్టీ విప్పింది. విప్పి, తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది.

పట్టీ లోపలంతా చెమట. ఇంకా వెచ్చగానే ఉంది.