రెండు గదుల మానిఫోల్డ్

"అన్న లేడా అండీ?"

స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ మీద మోచేతులాన్చి అడిగాడతను. కనుబొమ్మ మీద మైదాపిండి. పక్కవీధి బేకరీ అబ్బాయని కౌంటర్ వెనకున్న అమ్మాయి గుర్తుపట్టింది.

"అన్నా లేడు, తమ్ముడూ లేడు. మా నాన్నకి నేనొక్కదాన్నే. ఏం కావాలి?"

ఆ ప్రశ్న ఆమెకి అలవాటే. నాన్నకి చూపు మందగించాక షాపు తనే చూస్తోంది. ఇంజిన్లు విప్పడం, బిగించడం ఆయన దగ్గరే నేర్చుకుంది. అయినా వచ్చినవాళ్లు ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, మగమనిషి కనపడకపోతే వెళ్లిపోతున్నారు. షాపు మూసేద్దామని నాన్న నిన్ననే అన్నాడు.

అతను ఫోన్లో ఫోటో చూపించాడు. పాత ఎనిమిది సిలిండర్ల కారు. ఇంజిన్ తనే విప్పి, పవర్ పెంచి కట్టుకున్నాడట.

"ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఒక్కటే మిగిలింది. అదుగో, ఆ ఎత్తుది ఇవ్వండి."

గాలీ పెట్రోలూ కలిసి సిలిండర్లలోకి వెళ్లే దారి అది. అతను చూపించింది సింగిల్ ప్లేన్. లోపల అన్ని సిలిండర్లకీ కలిపి ఒకటే పెద్ద గది.

"రేసులకి వెళ్తారా?"

"లేదండీ. కేకుల డెలివరీ, ఆదివారం షికారు."

"అయితే ఇది వద్దు. దీని ప్రతాపమంతా స్పీడులోనే. ఈ రెండు గదులది, డ్యూయల్ ప్లేన్ తీసుకోండి. సిగ్నల్ దగ్గర కాలు ఆన్చగానే లాగుతుంది."

"మరీ పొట్టిగా ఉందే!"

"షోకేసులో పెడతారా, ఇంజిన్ మీద బిగిస్తారా?"

అతను మూతి ముడుచుకుని ఎత్తుదే పట్టుకెళ్లాడు.

వారం తిరక్కముందే, జోరువానలో, చౌరస్తాలో హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. ఆమె స్కూటర్ ఆపి చూసింది. నడిమధ్యలో అదే కారు. పొలమారినట్టు దగ్గి, ఆగి, మళ్లీ దగ్గుతోంది. వెనకసీట్లో కేకుల డబ్బాలు.

"నవ్వుకోండి, పర్లేదు," అన్నాడు తడిసి ముద్దయినవాడు.

"నవ్వడానికి టైముంది. ముందు తోద్దాం పట్టండి."

ఇద్దరూ కారుని షాపు దాకా తోశారు. ఆమె వెనక్కెళ్లి స్కూటర్ తెచ్చి, తాళాలు అతని చేతిలో పెట్టింది. "కేకులిచ్చి రండి. ఎవరి పుట్టినరోజో ఏమో."

అతను ఒక్క క్షణం ఆమెనే చూశాడు. వాన కూడా కాస్త తగ్గినట్టనిపించింది ఆమెకి.

తిరిగొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆ రోజు సగమే విన్నాను. ఇప్పుడు పూర్తిగా చెప్పండి."

చెప్పమని ఆమెని అడిగిన మొదటి మనిషి అతనే. గొంతు సవరించుకుంది.

"నెమ్మదిగా వెళ్లేటప్పుడు పెద్ద గదిలో గాలి బద్ధకంగా నడుస్తుంది. పెట్రోలు సరిగ్గా కలవదు. అదే రెండు గదులుగా విడదీస్తే, ఇరుకు దారిలో గాలి పరుగెడుతుంది. ఒక్క బన్ను కోసం మీరు పెద్ద పొయ్యి వెలిగిస్తారా?"

"ఛ! పొయ్యి వేడెక్కేలోపు ఆకలి చచ్చిపోతుంది."

"మీ ఇంజిన్ బాధా అదే."

ఆమె మానిఫోల్డ్ మారుస్తుంటే అతను టార్చి పట్టుకున్నాడు. మధ్యమధ్యలో వెలుగు బోల్టుల మీంచి ఆమె మొహం మీదికి జారింది.

"లైటు ఇటు!"

"సారీ అండీ, చెయ్యి నొప్పి."

బిగించాక చౌరస్తా దాకా వెళ్లొచ్చారు. ఆగిన ప్రతిచోటా కారు వెన్నలా కదిలింది. అతను దిగుతూనే లోపలున్న నాన్న దగ్గరికి వెళ్లాడు.

"మీ అమ్మాయి మాట వినకుండా నడిరోడ్డు మీద పరువు తీసుకున్నానండీ. విన్నాక కారు బతికింది."

అదే మాట బేకరీకి వచ్చే ప్రతివాడికీ చెప్పాడు. ఒకరొకరుగా కార్లవాళ్లు ఆమెని వెతుక్కుంటూ వచ్చారు. నాన్న షాపు మూసే మాట మళ్లీ ఎత్తలేదు.

అతను మాత్రం రోజూ వస్తూనే ఉన్నాడు.

"ఇవాళేంటి?"

"ఫ్యూజు."

"నిన్న నాలుగు కొన్నారు!"

"నిజం చెప్పేయనా? మీరు నాకు నచ్చారు. మీరు కోప్పడితే ఇంకా నచ్చుతున్నారు."

ఆమె చేతిలో గుడ్డని అటూ ఇటూ తిప్పింది. "మీకో థాంక్స్ బాకీ ఉన్నాను. అందరూ నన్ను దాటి చూశారు. మీరు నన్ను చూశారు." ఆగి, చిన్నగా అంది. "నాక్కూడా నచ్చారు."

లోపల్నుంచి నాన్న దగ్గాడు.

"బాబూ, నాకు చూపే తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. ఆదివారం మీ పెద్దవాళ్లని తీసుకురా. అమ్మాయీ, ఆ ఫ్యూజుల డబ్బా లోపల పెట్టేయమ్మా."

ఆమె లోపలికి పరుగెత్తి, నవ్వాపుకోలేక నాన్న భుజంలో మొహం దాచుకుంది.