రాణికి రాసిన మాటలు

ఆ ఉదయం కూడా తల్లి రాణి మాటల్లో ఐదో వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"మళ్లీ మొదటినుంచి చెప్పమ్మా," అంది కూతురు పళ్లు బిగించి. వంటగది బల్ల మీద నాటకం కాగితాలు, పక్కనే సగం తరిగిన బీన్స్. తల్లి కత్తి కింద పెట్టింది.

నాలుగు రోజుల్లో మొదటి ప్రదర్శన. పాత పురాణ నాటకాన్ని ఇప్పటి ప్రేక్షకుల కోసం కూతురు తిరగరాసింది. పన్నెండేళ్ల యుద్ధం ముగించి రాజు ఇంటికొస్తాడు, రాణి తలుపు తీస్తుంది. పాత నాటకంలో ఆవిడకి ఒక్క మాటా లేదు. పాతికేళ్లపాటు ఆ మూగ రాణి వేషం కట్టింది ఈ తల్లే. రాజు వేషం తండ్రిది. ఇన్నాళ్లకి రాణి చేత మాట్లాడించాలని కూతురు పంతం పట్టి, పద్నాలుగు వాక్యాలు రాసి, తల్లిని మళ్లీ వేదిక ఎక్కిస్తోంది. ఆ సన్నివేశం పండకపోతే రెండో రోజే నాటకం తీసేస్తానని హాలు యజమాని మొహం మీదే చెప్పాడు.

"నాన్న మర్చిపోతే ఆయన మాటలు గుసగుసగా నువ్వే అందించేదానివి. అన్నీ కంఠతా వచ్చు. నేను రాసినవి మాత్రం ఎక్కవా?"

"నోరు తిరగట్లేదే."

"తిరక్కపోవడం కాదు, భయం. ఇంట్లో మాత్రం నాన్న ముందు ఏనాడు నోరు విప్పావు గనక?"

రాజు మాటలు చదివిపెట్టడానికి కూర్చున్న తండ్రి కళ్లజోడు సర్దుకున్నాడు. "మధ్యలో నన్నెందుకు లాగుతారు?"

తల్లి చేతులు తుడుచుకుంది. "ఇవి రాణి మాటలు కావే. మీ నాన్న మీద నీకున్న కోపం. నన్నడక్కుండా నా నోట్లో పెట్టావు. పాతికేళ్లు ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడేమంటుందో నాకు తెలీదూ?"

కూతురికి ఒళ్లు మండింది. "అయితే నువ్వే చెప్పు," అని కాగితాలు బల్ల మీద విసిరింది. "నాన్నా, మీ మాట చదవండి."

"తలుపు తీయి. నేనొచ్చాను," చదివాడు తండ్రి.

తల్లి లేచి, లేని తలుపు తీసింది. భర్త ముఖంలోకి చూస్తూ అడిగింది. "నేనెలా ఉన్నానో అడగరా?"

ఆ తర్వాత రాజుకి మాట రాసి లేదు. తండ్రి కాగితం తిరగేసి చూశాడు. అందించాల్సిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది, ఈసారి అందించలేదు.

"ఎలా ఉన్నావు?" అన్నాడు చివరికి. అది రాజు గొంతు కాదు.

తల్లి అరచేత్తో కళ్లు ఒత్తుకుని కూతురివైపు తిరిగింది. "అలవాటు లేదు కదే. ఏం చెప్పాలో తెలీట్లేదు."

అమ్మ చేత మాట్లాడించాలనుకుంది గానీ, ఆ ప్రశ్న తనూ ఏనాడూ అడగలేదని కూతురికి అప్పుడు తట్టింది. కళ్లు నిండి అక్షరాలు అలుక్కుపోతుంటే, పద్నాలుగు వాక్యాలనీ అడ్డంగా కొట్టేసింది.

"నిదానంగా చెప్పమ్మా. ఆగుతాం," అంది.

తండ్రి కుర్చీ భార్య దగ్గరికి జరుపుకున్నాడు.