సరిగ్గా సరిపోయిన గేర్‌బాక్స్

తార్నాకలో కొండలరావు ఫియట్ కారును ఎరగనివాడు ఇంకా పుట్టలేదు. అది స్టార్టయితే మౌలాలి గుట్ట మీది పావురాలన్నీ లేచి సికింద్రాబాద్ దాకా పోయేవి. ఆగిందని నమ్మకం కుదిరాక గానీ తిరిగొచ్చేవి కావు. రాజమండ్రిలో వాళ్ల నాన్న కొన్న బండి అది. యూనివర్సిటీ ఇంజినీరింగు కాలేజీ వర్క్‌షాపులో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పిల్లలకు గేర్లు విప్పడం, బిగించడం నేర్పి రిటైరైన మనిషి కొండలరావు. భార్య కాత్యాయని జ్వరాన్ని చేత్తో చూసేవాడు గానీ, కారు జ్వరానికి మాత్రం మీటరు పెట్టేవాడు.

ఆ కారు ఇంజిను సరిగ్గా సమ్మెల కాలంలో ప్రాణం విడిచింది.

తెలంగాణ కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కిన రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రైల్‌రోకో. కాత్యాయనికేమో కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. క్యాంపస్ దాటి విద్యానగర్ అవతలున్న ఆసుపత్రికి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. ఒకసారి తప్పితే ఒళ్లు కుండలా ఉబ్బుతుంది. ఇంకోసారి తప్పితే ఏమవుతుందో డాక్టరు నోటితో చెప్పలేదు, చేత్తో చెప్పాడు. బంద్ రోజు ఆటో పిలిస్తే ఆటోవాడు మనల్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తాడు. సొంత బండి ఉంటే గల్లీగల్లీ తిరిగో, కాళ్లావేళ్లా పడో చేరొచ్చు.

వేరే ఇంజిను దొరికింది. జపాన్ వాళ్లది, చిన్నది, కుదురైనది. కానీ ఇంజిను దొరకడం పెళ్లికూతురు దొరకడం లాంటిది. గేర్‌బాక్స్ దొరకడం అంటే ఆ పిల్లకు తగ్గ అత్తగారు దొరకడం! ఫియట్ పాత గేర్‌బాక్స్‌కు, కొత్త ఇంజినుకు బోల్టు రంధ్రాలే కలవలేదు. ఒక వ్యాను గేర్‌బాక్స్ తెస్తే రంధ్రాలు కలిశాయి గానీ, గేరు కర్ర పోయి డ్యాష్‌బోర్డు కిందికి వచ్చింది. గేరు మార్చాలంటే డ్రైవరు సాష్టాంగపడాలి. ఇంకోదాని షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటులో దూరలేదు. జీపుదైతే జానెడు పొడుగు, వెనక చక్రాలకు పోయే రాడ్డు కోయాల్సిందే.

"ఏంది రావు సాబ్, రాష్ట్రమన్న వస్తది గని నీ గేర్‌బాక్స్ వచ్చేటట్టు లేదు," అన్నాడు లక్ష్మీనర్సయ్య. తార్నాకలో షెడ్డు ఆయనది. పొద్దున ధర్నాలో కూర్చుంటాడు, మధ్యాహ్నం కారు కింద పడుకుంటాడు.

"రాష్ట్రం వచ్చాక మమ్మల్నిక్కడ ఉండనిస్తావుటయ్యా?"

"నువ్వు పోతే నాకు చాయ్ ఎవడు తాపిస్తడు? ఉండు ఉండు."

చివరికి మౌలాలిలో మొగిలి తుక్కు యార్డులో దొరికింది. కొండలరావు తీగతో కొలిచి చూశాడు. రంధ్రానికి రంధ్రం, పంటికి పన్ను, పొడుగుకు పొడుగు. గేరు కర్ర సరిగ్గా రెండు ముందు సీట్ల మధ్యకు వస్తుంది. డ్రైవరు పక్క సీటు తీసేసి నేల కోస్తే చాలు. ఆయన ముసిముసిగా నవ్వుకున్నాడు. కాత్యాయని మెళ్లో తాళి కట్టినప్పుడు కూడా అంత నవ్వలేదు.

"అంబర్‌పేట్ బండిది సార్," అన్నాడు మొగిలి గుట్కా నములుతూ. "ఒక పిలగాడు తల్లిని దవాఖానకు తీస్కపోతుంటే బంద్‌ల ఇరుక్కున్నది. క్యాంపస్ దాటలే. ఆమె ఎనక సీట్లనే పోయింది. గా పిలగాడు మళ్ల బండి ముట్టలే, మొత్తం తుక్కు కింద ఇచ్చిండు."

షెడ్డుకు తెచ్చాక లక్ష్మీనర్సయ్య ఒక మూల నుంచి పాత తట్ట లాక్కొచ్చాడు. "పానం పోయిన బండిదైతే మా దగ్గర ఒక పద్ధతున్నది. లోపలి నూనె మొత్తం దించి, నిమ్మకాయ కోసి, మట్టిల పోస్తం. గేర్ డబ్బా ఒక రాత్రంత బోర్ల పడుంటది. గప్పుడు కొత్త నూనె."

కొండలరావు బిరడా తిప్పి, లోపలికి వేలు పోనిచ్చి చూశాడు. నూనె తేనెలా ఉంది. బజారులో షాపులన్నీ మూత, కొత్త నూనె చుక్క దొరకదు. కాత్యాయనికి అప్పటికే ఒకసారి తప్పింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు.

"ఇంత మంచి నూనె మట్టిలో పోస్తావా? బిగించేద్దాం."

"ఒక్క రాత్రే గద రావు సాబ్."

"ఆవిడకి రాత్రుల్లేవు నర్సయ్యా."

లక్ష్మీనర్సయ్య తట్టను కాలితో మూలకు తోసి, పానా అందుకున్నాడు.

బోల్టులు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే దిగినట్టు దిగాయి. ఒక్కదాన్నీ సుత్తితో కొట్టాల్సిన పని పడలేదు. గేరు వేసి చూస్తే వెన్నలో వేలు పెట్టినట్టుంది. ఇంత చక్కగా కుదిరిన అతుకు కొండలరావు తన సర్వీసులో చూడలేదు. ఒక్క సంగతి మాత్రం ఆయనకు వింతగా తోచింది. మాఘమాసపు చలిలో కూడా గేరు కర్ర వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో పట్టుకుని వదిలినట్టు.

ఆ సందెవేళకే బయల్దేరారు. బంద్ ఇంకా విరమించలేదు. కరెంటు లేదు. తార్నాక అంతా షట్టర్లు దించేసి, కళ్లు మూసుకున్నట్టుంది. దూరంగా క్యాంపస్ వైపు నుంచి టైర్లు కాలిన కంపు, దాని వెనకే కళ్లలో కారం కొట్టే గ్యాసు ఘాటు. కాత్యాయని వెనక సీట్లో శాలువా కప్పుకుని పడుకుంది.

"ఏమండీ, ఈ బండి చప్పుడు చేయడం లేదేం?" అంది ఆయాసంగా. "పోయిందేమో చూడండి."

"కొత్త గేర్‌బాక్స్ మహిమ."

"పోనీలెండి. ఈ ఇంట్లో ఏదో ఒకటి కొత్తది రావాలిగా."

ఆవిడ అన్న ఆఖరు మాట అది. అంటే, ఆవిడ గొంతుతో.

క్యాంపస్ గేటు దాటగానే రోడ్డు చీకట్లోకి జారింది. రెండు పక్కలా చెట్లు. ఆకు కదలడం లేదు. రోడ్డంతా రాళ్లు, తెగిన చెప్పులు, బాష్పవాయువు గొట్టాలు. ఆర్ట్స్ కాలేజీ దగ్గర పోలీసుల ఇనుప కంచె మసగ్గా కనిపించింది. కొండలరావు బ్రేకు మీద కాలు వేసి గేరు తీయబోయాడు.

కర్ర రాలేదు.

మళ్లీ లాగాడు. రాలేదు. అప్పుడు... ఆయన చేతి మీద ఇంకో చెయ్యి పడ్డట్టయింది. వెచ్చగా. అరిచేయి గరుకుగా. ఆ చెయ్యి ఆయన చేతిని కింద పెట్టుకుని, నిదానంగా మూడో గేరులోకి తోసింది.

పక్కన సీటే లేదు. కోసిన నేల ఉంది. అందులోంచి రోడ్డు కనబడుతోంది.

కారు కంచె పక్కనున్న సందులోంచి దూరింది. పోలీసులు తలెత్తి కూడా చూడలేదు.

వెనక నుంచి జర్దా వాసన వచ్చింది. కాత్యాయని పుట్టి బుద్ధెరిగి జర్దా ముట్టలేదు.

"ఆపకు బిడ్డా..."

గుసగుస.

"కాత్యాయనీ?"

"గేటు దాటితే అయిపోతది... గీడ మాత్రం ఆపకు..."

కాత్యాయని కోనసీమలో పుట్టిన మనిషి. ఇన్నేళ్లు తార్నాకలో ఉన్నా 'ఏవండోయ్' మానలేదు. అద్దంలో చూశాడు. శాలువా కనబడింది. శాలువా కింద ఆకారం ఉండాల్సిన దానికన్నా పెద్దదిగా ఉంది.

వెనక్కి తిరిగి చూడలేదు. చూడలేకపోయాడు.

క్యాంపస్ అవతలి చివర, ఎన్‌సీసీ గేటు దగ్గర కుర్రాళ్లు అడ్డం పడ్డారు. ముఖాలకు తడి గుడ్డలు, గ్యాసు మంటకు విరుగుడుగా చేతుల్లో కోసిన ఉల్లిపాయలు. అందులో ఒకడు టార్చి వేసి వెనక అద్దంలోంచి చూశాడు. చూసి, చటుక్కున టార్చి దించేశాడు.

"జరగుండ్రి, జరగుండ్రి! పేషెంట్లున్నరు!" తర్వాత వంగి, కొండలరావు చెవి దగ్గర చెప్పాడు. "సార్, పెద్దమ్మను జర చూడు. ఇంకొకామె మొత్తం ఆమె మీదికే ఎక్కి కూసున్నది. ఊపిరాడదు."

దారి విడిపోయింది. గేరు దానంతటదే పడింది.

గేటు దాటిన క్షణంలో వెనక సీట్లోంచి ఒక నిట్టూర్పు వినిపించింది. ఎన్నాళ్లుగానో బిగబట్టినట్టు పొడుగ్గా... పొడుగ్గా... ఆ తర్వాత ఏమీ లేదు.

ఆసుపత్రిలో వార్డు బాయ్‌లు ఒక్కరినే దించారు. కాత్యాయనే. అదే ముఖం, అదే ముక్కుపుడక. కొండలరావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. జనరేటరు దీపం కింద మంచం మీద పడుకోబెట్టారు. సిస్టరు సూది పట్టుకుని ఆవిడ ఎడమ చెయ్యి చాపి చూసింది. ఆగింది. కుడి చెయ్యి చాపి చూసింది.

"అంకుల్, ఫిస్టులా ఏ చేతికి?"

"ఎడమ చేతికమ్మా. మోచేతి దగ్గర."

"ఏ చేతికీ లేదండీ."

డయాలసిస్ సూది కోసం నరాలు రెండు కలిపి కుట్టిన చోటు అది. వేలు ఆనిస్తే తుమ్మెద లోపల ఇరుక్కున్నట్టు ఝుమ్మంటుంది. ఆ ఝుమ్ము ఆగితే నరం మూసుకుపోయినట్టేనని డాక్టర్లు చెప్పారు. రోజూ పడుకోబోయే ముందు కొండలరావే వేలు పెట్టి చూసుకుంటాడు. చూసుకుని గానీ దీపం ఆర్పడు.

ఇప్పుడక్కడ చర్మం నున్నగా ఉంది. కుట్టు లేదు, గాటు లేదు. పాదాలకు వాపు లేదు. గరుకు అరిచేయి ఒకటి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"నాకేం కాలే. మంచిగున్న," అంది కాత్యాయని ముఖం. నవ్వింది. పళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇంటికి పోదాం పా, బిడ్డా."

కొండలరావు మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. వెనక తలుపు తెరిచాడు. శాలువా, దిండు. ఇంకేం లేవు. "కాత్యాయనీ!" అని సీటు కిందికి వంగి పిలిచాడు. ముందు తలుపు తెరిచి, స్టీరింగు ముందు కూలబడ్డాడు. తాళంచెవి జేబులోనే ఉంది. ఇంజిను ఎప్పుడో ఆగిపోయింది. ఆసరాకి గేరు కర్ర పట్టుకున్నాడు.

వేళ్ల కింద ఝుమ్మంది.

తుమ్మెద లోపల ఇరుక్కున్నట్టు... మెత్తగా, ఎడతెగకుండా.

ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పైన వార్డు కిటికీలోంచి ఎవరో "బిడ్డా... బిడ్డా..." అని ముద్దుగా పిలుస్తున్నారు. ఆయన తలెత్తలేదు. వేళ్ల కింది ఝుమ్ము సన్నగిల్లుతోంది.